స్థానిక సంస్థల ఆర్థికాధికారుల శిక్షణ

మున్సిపాలిటీ, నగరపాలక సంస్థ, జిల్లా పరిషత్తు, గ్రామ పంచాయతీ వంటి స్థానిక ప్రభుత్వాల్లో డబ్బు లెక్కలకు బాధ్యులైన ఉద్యోగులు ఉద్యోగానికి ముందు చదివే వృత్తి విద్య, చేరాక పొందే శిక్షణ రెండూ ఈ అంశం కిందికి వస్తాయి. బడ్జెట్ తయారీ, పన్నుల వసూలు, చెల్లింపులు, అప్పులు, చేతిలో ఉన్న నిధుల మదుపు, పద్దుల నిర్వహణ, ఆడిట్ ఇందులో ప్రధాన విషయాలు. రాబడి బాగున్న రోజుల్లో ఈ శిక్షణలోని లోపాలు పెద్దగా బయటపడవు. పన్నులు తగ్గి, పైనుంచి రావలసిన గ్రాంటు ఆగి, జీతాలకే తడుముకోవలసిన ఏడాది వస్తే అన్నీ ఒక్కసారిగా పైకి తేలతాయి.

కేంద్ర ప్రభుత్వానికి ఉన్న వెసులుబాట్లు స్థానిక సంస్థకు ఉండవు. అది నోట్లు ముద్రించుకోలేదు. రోజువారీ ఖర్చు కోసం దీర్ఘకాలిక అప్పు తేవడానికి చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. ఖర్చులో సింహభాగం జీతాలు, విద్యుత్తు, పారిశుధ్యం, నీటి సరఫరాకే పోతుంది. ఇవేవీ వాయిదా వేయగలిగినవి కావు. అందుకే రాబడి పడిపోగానే ముందుగా రోడ్ల మరమ్మతుల మీద, ఆ వెంటనే ఉద్యోగుల శిక్షణ మీద కోత పడుతుంది. శిక్షణ పద్దు చిన్నది, కోసేసినా ఆ ఏడాది ఎవరూ ఎందుకని అడగరు. గడ్డురోజుల్లో అక్కరకొచ్చే విద్యను ఆ గడ్డురోజుల్లోనే వదులుకోవడం ఈ రంగంలో పదేపదే కనిపిస్తుంది.

మూలాలు

ఈ వృత్తికి చెప్పుకోదగ్గ తొలి సంఘం ఇంగ్లండులో 1885లో ఏర్పడింది. పారిశ్రామిక పట్టణాలు అప్పటికే నీటి పథకాలు, మురుగు కాల్వలు, గ్యాస్ దీపాలు సొంతంగా ఏర్పాటు చేసుకుని, వాటికోసం పెద్ద మొత్తాల్లో అప్పులు తెచ్చాయి. ఆ లెక్కలు చూసే కోశాధికారులు, అకౌంటెంట్లు కలిసి పెట్టుకున్న ఆ సంఘం 1901లో మున్సిపల్ కోశాధికారుల, అకౌంటెంట్ల సంస్థగా మారింది. 1959లో రాజశాసనం పొందింది. 1973 నుంచి దానిపేరు చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఫైనాన్స్ అండ్ అకౌంటెన్సీ, వాడుకలో సిప్ఫా. ప్రభుత్వ రంగ లెక్కలకే ప్రత్యేకించిన వృత్తి పరీక్షలు నడిపే సంస్థలు ప్రపంచంలో చాలా తక్కువ. సిప్ఫా వాటిలో అగ్రగామి. కౌన్సిల్‌లో పనిచేస్తూనే పరీక్షలు రాయడం, బడ్జెట్, ఆడిట్, నిధుల నిర్వహణ వంటి విభాగాల్లో అనుభవం గడించడం ఆ పద్ధతిలో ముఖ్యం.

ఈ వృత్తి స్వభావాన్ని తేల్చిచెప్పింది ఒక కోర్టు తీర్పు. 1906లో టెన్బీ పట్టణ కోశాధికారికి సంబంధించిన డి వింటన్ కేసులో న్యాయస్థానం, కోశాధికారి కౌన్సిల్‌కు నౌకరు మాత్రమే కాడని, పట్టణ ప్రజల పట్ల ధర్మకర్త బాధ్యత కూడా అతనిమీద ఉందని చెప్పింది. చట్టవిరుద్ధమైన చెల్లింపు చేసి, కౌన్సిల్ ఆదేశించింది కాబట్టి చేశాననడం కుదరదని స్పష్టం చేసింది. నూరేళ్లు దాటినా బ్రిటిష్ ఆర్థికాధికారుల శిక్షణకు ఈ తీర్పే పునాది. ఒక లెక్కల ఉద్యోగానికి ఇంత నైతిక బరువు తెచ్చిన సందర్భాలు చాలా అరుదు.

ఆ సూత్రాన్నే తర్వాతి చట్టాలు గట్టిపరిచాయి. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం 151వ సెక్షన్ ప్రకారం ప్రతి కౌన్సిల్ ఆర్థిక వ్యవహారాలకూ ఒక అధికారి బాధ్యుడు కావాలి. 1988 నాటి స్థానిక ప్రభుత్వ ఆర్థిక చట్టం 113వ సెక్షన్ ఆ అధికారికి గుర్తింపు పొందిన అకౌంటెన్సీ సంస్థ సభ్యత్వం ఉండి తీరాలంది. 114వ సెక్షన్ అతని చేతికి అసలైన ఆయుధం ఇచ్చింది. ఉన్న వనరులు ఖర్చుకు చాలవని తోస్తే అతను లిఖితపూర్వకంగా నివేదిక ఇవ్వాలి. కౌన్సిల్ 21 రోజుల్లోగా సమావేశమై దాన్ని చర్చించాలి. ఆలోగా అతని అనుమతి లేకుండా కొత్త ఖర్చుకు ఒప్పందాలు కుదుర్చుకోకూడదు. 2003 చట్టం ఇంకో మెట్టు ఎక్కి, బడ్జెట్ ఆమోదించే ముందు అంచనాలు ఎంత గట్టివో, నిల్వలు సరిపోతాయో లేదో ఆ అధికారి చేతనే చెప్పించాలంది. చదువు, పదవి, చట్టరక్షణ మూడూ ఒక్క మనిషి దగ్గర కలవాలన్నది ఈ ఏర్పాటు సారం. తక్కిన దేశాల శిక్షణను బేరీజు వేయడానికి ఇదే సరైన కొలబద్ద.

అమెరికాలో ఇదే వృత్తికి 1906లో సంఘం ఏర్పడింది. నేడు షికాగో కేంద్రంగా ఉన్న గవర్నమెంట్ ఫైనాన్స్ ఆఫీసర్స్ అసోసియేషన్, అంటే జీఎఫ్‌ఓఏ, దాని వారసురాలే. న్యూయార్క్‌లో మున్సిపల్ పరిశోధనా సంస్థ 1911లో ప్రజాసేవ శిక్షణ పాఠశాల తెరిచింది. అయితే అమెరికన్ పట్టణాల లెక్కలకు ఒక రూపం తెచ్చింది మహామాంద్యమే. 1930లలో వేలాది స్థానిక సంస్థలు అప్పు వాయిదాలు కట్టలేక చేతులెత్తేశాయి. ఏ పట్టణం ఏ పద్ధతిలో లెక్క రాస్తోందో అప్పిచ్చినవాళ్లకే అర్థం కాని స్థితి. 1934లో మున్సిపల్ లెక్కల జాతీయ కమిటీ ఏర్పడి ఒకే రకమైన పద్ధతులు సిఫారసు చేసింది. మంచి వార్షిక నివేదికలకు ధ్రువపత్రం ఇచ్చే పథకం 1945లో మొదలై నేటికీ నడుస్తోంది. ఆ ధ్రువపత్రం కోసం నివేదిక పంపితే సమీక్షకుల వ్యాఖ్యలు తిరిగొస్తాయి. తరగతి గదికి వెళ్లకుండానే చిన్న పట్టణపు అకౌంటెంటుకు అది ఏటా అందే పాఠం.

దెబ్బ తిన్నాక మారిన పాఠాలు

ఈ రంగంలో సిలబస్ ముందుచూపుతో మారిన సందర్భాలు తక్కువ. ఎక్కువగా ఒక పెద్ద దెబ్బ తగిలాకే కొత్త పాఠం చేరింది.

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ 1994 డిసెంబరులో దివాలా ప్రకటించింది. కోశాధికారి రాబర్ట్ సిట్రన్ చేతిలో కౌంటీతో పాటు స్కూలు జిల్లాలు, పట్టణాలు దాచుకున్న సుమారు 7.5 బిలియన్ డాలర్ల ఉమ్మడి నిధి ఉండేది. దాన్ని తాకట్టు పెట్టి మరింత అప్పు తెచ్చి, మొత్తం 20 బిలియన్ల మేర వడ్డీ రేట్లు తగ్గుతాయన్న అంచనా మీద మదుపు చేశాడు. 1994లో రేట్లు పెరిగాయి. నష్టం సుమారు 1.6 బిలియన్లు. అంతకుముందు ఏళ్లలో ఇతరులకన్నా ఎక్కువ రాబడి తెచ్చి పెట్టినందుకు అతన్ని అందరూ మెచ్చుకున్నారు, ఎలా తెస్తున్నావని గట్టిగా అడిగినవారు అరుదు. ఆ తర్వాత కాలిఫోర్నియా కౌంటీ ఖజానాల మీద పర్యవేక్షణ కట్టుదిట్టం చేసింది, కోశాధికారులకు అర్హతలు, నిరంతర శిక్షణ చట్టంలో పెట్టింది. భద్రత మొదట, అవసరానికి చేతికందడం తర్వాత, రాబడి చివర అన్న వరుస అప్పటి నుంచి ప్రతి మదుపు తరగతిలోనూ తొలి పాఠం.

2008 అక్టోబరులో ఐస్‌లాండ్ బ్యాంకులు కూలినప్పుడు 120కి పైగా ఇంగ్లిష్ స్థానిక సంస్థలవి సుమారు 950 మిలియన్ పౌండ్లు వాటిలో చిక్కుకున్నాయి. తర్వాతి ఏళ్లలో చాలావరకు తిరిగి వచ్చాయి. కానీ రేటింగ్ సంస్థ ఇచ్చిన అక్షరాన్ని చూసి డిపాజిట్ వేయడం మదుపు నిర్వహణ అనిపించుకోదని ఆ ఉదంతం నేర్పింది. సిప్ఫా తన నిధుల నిర్వహణ నియమావళిని 2009లో సవరించింది.

మోసాల పాఠానికి ఇలినాయ్ రాష్ట్రంలోని డిక్సన్ పట్టణాన్ని మించిన ఉదాహరణ లేదు. జనాభా సుమారు 16 వేలు. రీటా క్రండ్‌వెల్ అక్కడ హైస్కూలు రోజుల నుంచే పనిచేస్తూ 1983లో కంట్రోలర్ అయింది. 1990 డిసెంబరులో ఆమె పట్టణం పేరు మీదే ఒక బ్యాంకు ఖాతా తెరిచింది. చూడడానికి అది మురుగునీటి పనుల రిజర్వు ఖాతాలా ఉంటుంది. డబ్బు తీసే అధికారం మాత్రం ఆమె ఒక్కదానిదే. రెండు దశాబ్దాల్లో 53.7 మిలియన్ డాలర్లు ఆ ఖాతా గుండా ఆమె మేలుజాతి గుర్రాల పెంపకానికి, విలాసాలకు వెళ్లాయి. పట్టణంలో రోడ్లు పాడై, ఉద్యోగాలకు కోత పడుతుంటే, రాష్ట్రం నుంచి రావలసిన డబ్బు ఆలస్యమవుతోందని ఆమె కౌన్సిల్‌కు చెబుతూ వచ్చింది. రోజులే బాగాలేవు కనుక ఆ మాట అందరికీ నమ్మబుద్ధేసింది. 2011లో ఆమె సెలవులో ఉండగా ఆమె పని చూస్తున్న గుమాస్తా బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ తెప్పించింది. తాను ఎన్నడూ వినని ఖాతా ఒకటి అందులో కనిపించేసరికి నేరుగా మేయర్ దగ్గరికి తీసుకువెళ్లింది. ఎఫ్‌బీఐ దర్యాప్తు తర్వాత క్రండ్‌వెల్‌కు 2013లో 19 ఏళ్ల 7 నెలల జైలుశిక్ష పడింది.

ఇందులో నేర్పవలసినవి చాలా సాదా విషయాలు. డబ్బు అందుకునేవారు, పద్దు రాసేవారు, బ్యాంకు నిల్వతో సరిపోల్చేవారు వేర్వేరుగా ఉండాలి. లెక్కల్లో ఉన్నవారు ఏటా కొన్ని రోజులైనా విధిగా సెలవు తీసుకోవాలి, ఆ రోజుల్లో వారి పనిని మరొకరు చేయాలి. సంస్థ పేరుతో ఎన్ని ఖాతాలున్నాయో బ్యాంకు నుంచే రాయించుకోవాలి. సిబ్బంది కోత జరిగినప్పుడు ముందుగా కుప్పకూలేది ఈ పనివిభజనే. ముగ్గురు చేసే పని ఒకరి మీద పడినప్పుడు ఆ ఒకరు ఎంత నిజాయితీపరులైనా లోపం సంస్థదే.

ఇంగ్లండులో 114 నోటీసులు

2010 తర్వాతి పొదుపు విధానాల్లో ఇంగ్లిష్ స్థానిక సంస్థలకు కేంద్ర నిధులు బాగా తగ్గాయి. కొన్ని సంస్థలు ఆ లోటు పూడ్చుకోవడానికి అప్పు తెచ్చి దుకాణ సముదాయాలు, కార్యాలయ భవనాలు కొన్నాయి. 2018 ఫిబ్రవరిలో నార్తాంప్టన్‌షైర్ ఆర్థికాధికారి 114 నోటీసు ఇచ్చారు. సుమారు రెండు దశాబ్దాల్లో అదే మొదటిది. 53 మిలియన్ పౌండ్లతో కట్టిన ఆ కౌన్సిల్ కొత్త కార్యాలయ భవనం నాలుగు నెలల ముందే ప్రారంభమైంది. అదే ఏడాది దాన్ని అమ్మి అందులోనే అద్దెకు ఉండవలసి వచ్చింది. ఆస్తులు అమ్మిన సొమ్ముతో రోజువారీ ఖర్చు గడుపుకోవడం ఆ పతనంలో పెద్ద భాగం. చివరికి 2021లో ఆ కౌంటీ కౌన్సిల్ రద్దయి రెండు కొత్త సంస్థలు వచ్చాయి. క్రాయ్‌డన్, స్లౌ, థరాక్, వోకింగ్, బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ అదే దారి పట్టాయి. సుమారు లక్ష జనాభా ఉన్న వోకింగ్ అప్పు 2023 నాటికి 1.8 బిలియన్ పౌండ్లు. బర్మింగ్‌హామ్‌ది మరో కథ. మహిళా ఉద్యోగులకు సమాన వేతనాల బకాయి 650 నుంచి 760 మిలియన్ పౌండ్లని అప్పట్లో అంచనా వేశారు. 2022లో మార్చిన కంప్యూటర్ లెక్కల వ్యవస్థ పనిచేయక పద్దులే తేలలేదు.

చదువూ చట్టమూ రెండూ ఉన్న చోట ఇంత పతనం ఎందుకన్న ప్రశ్న సహజం. జవాబు కొంత ఆడిట్ దగ్గర దొరుకుతుంది. స్థానిక సంస్థల ఆడిట్‌ను పర్యవేక్షించిన ఆడిట్ కమిషన్‌ను 2015లో మూసేశారు. 2022–23 పద్దుల్లో గడువులోగా ఆడిట్ పూర్తయినవి ఒక శాతమే. అధికారి చెప్పిన మాటను బయటి కన్ను సరిచూడకపోతే ఆ మాటకు బలం సగమైపోతుంది. రెండో కారణం, నోటీసు ఇవ్వడాన్ని అధికారి వైఫల్యంగా చూసే వాతావరణం. నోటీసు ఇచ్చిన అధికారుల్లో ఎక్కువమంది అప్పటికి కొత్తగా వచ్చినవారే కావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. అదే కుర్చీలో పదేళ్లుగా కూర్చున్న వ్యక్తికి, తానే సంతకాలు పెట్టిన బడ్జెట్లు నిలబడవని చెప్పడం చాలా కష్టం. సిప్ఫా 2019లో ఆర్థిక నిర్వహణ నియమావళి తెచ్చింది. 2021లో సవరించిన అప్పుల నియమావళి, ప్రధానంగా లాభం కోసం అప్పు తెచ్చి ఆస్తులు కొనడాన్ని తప్పుపట్టింది. ఇవీ దెబ్బ తిన్నాక వచ్చినవే.

తరగతిలో నేర్పేవి

గడ్డుకాలపు శిక్షణలో అన్నిటికన్నా విలువైనది నెలవారీ నగదు అంచనా. పుస్తకంలో చదివితే చప్పగా ఉండే ఈ విషయం చేత్తో వేసి చూస్తే కళ్లు తెరిపిస్తుంది. ఒక ఊహా మున్సిపాలిటీని తీసుకుందాం. నెలకు జీతాలు, పారిశుధ్య కార్మికుల వేతనాలు 90 లక్షలు, కరెంటు 35 లక్షలు, డీజిలు, మందులు, మరమ్మతులు 25 లక్షలు. వెరసి కోటిన్నర, ఏడాదికి 18 కోట్లు. ఆస్తి పన్ను 9 కోట్లు వసూలవుతుంది, ఇతర రాబడి నెలకు 25 లక్షల చొప్పున 3 కోట్లు, గ్రాంటు రెండు విడతల్లో 6 కోట్లు. రాబడి 18, ఖర్చు 18. బడ్జెట్ సరిగ్గా సరిపోయింది, కౌన్సిల్ ఆమోదించింది.

ఇప్పుడు నెలల వారీగా వేయాలి. ఏప్రిల్ 1న బ్యాంకులో 3 కోట్లు. ముందస్తు రాయితీ ఉంది కాబట్టి ఏప్రిల్‌లో పన్ను 2 కోట్లు వస్తుంది, ఆ తర్వాత నెలకు 20 లక్షలే. అసలు జోరు మళ్లీ ఆర్థిక సంవత్సరం చివర్లో. ఈ లెక్కన జులై ఆఖరుకు 60 లక్షలు మిగులుతాయి, ఆగస్టులో 45 లక్షలు తక్కువపడతాయి. గ్రాంటు తొలి విడత జులై దాటితే జీతాలు ఆగుతాయన్నమాట. శిక్షకుడు ఇక్కడ ఇంకో ప్రశ్న వేస్తాడు: ఆ 3 కోట్లలో మనవి ఎన్ని? తరచి చూస్తే 1 కోటి 80 లక్షలు కాంట్రాక్టర్ల డిపాజిట్లు, తాగునీటికే ఖర్చు పెట్టవలసిన గ్రాంటు. మనవి 1 కోటి 20 లక్షలే. మళ్లీ లెక్క వేస్తే ఏప్రిల్ ఆఖరుకు 1 కోటి 95 లక్షలు, మే ఆఖరుకు 90 లక్షలు, జూన్‌లో 15 లక్షల లోటు. సరిపోయిందనుకున్న బడ్జెట్ మూడో నెలకే చతికిలబడింది. నిర్దేశిత నిధులను సొంత సొమ్ముగా వాడేసుకోవడం అనే జబ్బు ఎక్కడ మొదలవుతుందో ఈ ఒక్క పట్టిక చూపిస్తుంది.

దీని వెనుకే మిగతా అంశాలు వస్తాయి. ఎంత నిల్వ ఉంచుకోవాలన్నదానికి జీఎఫ్‌ఓఏ సూచించే కనీస స్థాయి రెండు నెలల నిర్వహణ రాబడి లేదా ఖర్చు. 2008 మాంద్యం తర్వాత అదే సంస్థ ఆర్థిక ప్రథమ చికిత్స పేరుతో ఒక క్రమం ప్రచారం చేసింది: ముందు తక్షణ గండం గట్టెక్కడం, ఆపైన సంస్కరణ, చివరికి పనితీరునే మార్చుకోవడం. తొలి మెట్టులో వాడే చిట్కాలు, అంటే ఖాళీలు నింపకపోవడం, కొనుగోళ్లు ఆపడం వంటివి, ఏళ్ల తరబడి కొనసాగిస్తే అవే కొత్త రోగం అవుతాయి. అన్ని శాఖలకూ సమానంగా పది శాతం కోసేయడం చూడడానికి న్యాయంగా ఉంటుంది కానీ, బాగా నడిచే శాఖనూ దుబారా శాఖనూ ఒకే గాటన కడుతుంది. శిక్షణ పొందిన అధికారి ఆ తేడాను అంకెల్లో చూపగలగాలి.

భారతదేశంలో

73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. బాధ్యతలు పెరిగాయి గానీ లెక్కలు చాలాకాలం పాత ఒంటి పద్దు, నగదు పద్ధతిలోనే సాగాయి. ఆ పద్ధతిలో డబ్బు చేతులు మారితేనే పద్దు పడుతుంది. మార్చిలో పని పూర్తిచేసిన కాంట్రాక్టరు బిల్లు చెల్లించకుండా బీరువాలో ఉంటే ఆ ఏడాది లెక్కలో దాని ఊసే ఉండదు. కరెంటు బకాయి కూడా అంతే. అంటే సంస్థ ఎంత కష్టంలో ఉంటే దాని లెక్క అంత ఆరోగ్యంగా కనిపిస్తుంది! జోడు పద్దు, బకాయిలతో కూడిన అక్రూవల్ పద్ధతికి మారాలనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

కాగ్ 2002లో నియమించిన కార్యదళం సిఫారసుల మీద 2004లో జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ వచ్చింది. 2005లో మొదలైన కేంద్ర పట్టణ పునరుద్ధరణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం ఈ మార్పును నిధులకు షరతుగా పెట్టింది. ఎన్నో పట్టణాలు షరతు తీర్చడానికి బయటి చార్టర్డ్ అకౌంటెంట్లకు పని అప్పగించాయి. వాళ్లు ఏడాది చివర నగదు పుస్తకాన్ని తీసుకుని జోడు పద్దులోకి మార్చి ఆస్తి అప్పుల పట్టీ ఇచ్చి వెళ్లేవారు. కాగితం తయారయింది, కార్యాలయంలో పనిచేసేవాళ్లకు విద్య అబ్బలేదు.

పదిహేనో ఆర్థిక సంఘం మరింత గట్టిగా వ్యవహరించింది. ముందటి ఏడాది తాత్కాలిక లెక్కలు, అంతకుముందటి ఏడాది ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టిన సంస్థకే గ్రాంటు అంది. పట్టణాల ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధికి తగ్గట్టు పెరగాలని కూడా షరతు పెట్టింది. పంచాయతీల లెక్కల కోసం ఈ-గ్రామ్‌స్వరాజ్, ఆడిట్ ఆన్‌లైన్ 2020 ఏప్రిల్‌లో, సరిగ్గా కోవిడ్ లాక్‌డౌన్ మధ్యలో వచ్చాయి. పన్ను వసూళ్లు నిలిచిపోయిన ఆ రోజుల్లోనే పంచాయతీ సిబ్బంది కొత్త వ్యవస్థ నేర్చుకోవలసి వచ్చింది. ఆ తర్వాత కాగ్, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ కలిసి స్థానిక సంస్థల అకౌంటెంట్ల కోసం ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు ప్రారంభించాయి. ఇలాంటి జాతీయస్థాయి ప్రయత్నం అవసరమెంతో చెప్పడానికి ఒక అంకె చాలు. రిజర్వు బ్యాంకు 2022 నివేదిక ప్రకారం మన మున్సిపల్ రాబడి దేశ స్థూల ఉత్పత్తిలో ఒక శాతం దగ్గరే దశాబ్దానికి పైగా ఆగిపోయింది. బ్రెజిల్‌లో అది 7.4, దక్షిణాఫ్రికాలో 6 శాతం.

ఆ దక్షిణాఫ్రికాయే 2003లో మున్సిపల్ ఆర్థిక నిర్వహణ చట్టం తెచ్చి, 2007లో ప్రధాన ఆర్థికాధికారులకు కనీస అర్హతలను నిబంధనలుగా ప్రకటించింది. అయినా ఆర్థిక నివేదికల తయారీకి కన్సల్టెంట్ల మీద ఆధారపడడం అక్కడి ఆడిటర్ జనరల్ ఏటా ఎత్తిచూపుతున్న లోపమే. అర్హత పత్రం ఉన్నంతమాత్రాన పని చేతికి రాదని మన కన్సల్టెంట్ల కథతో కలిపి చదువుకోవచ్చు.

తెలుగు రాష్ట్రాలు

శిక్షణ సంస్థల విషయంలో తెలుగువారికి కొరత లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ 1958లో ముస్సోరీలో మొదలై 1965లో ఇక్కడికి తరలివచ్చింది. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా (ఆస్కి), ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని ప్రాంతీయ పట్టణ, పర్యావరణ అధ్యయన కేంద్రం, రెండు రాష్ట్రాల మానవ వనరుల అభివృద్ధి సంస్థలు, గ్రామీణాభివృద్ధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. పద్ధతి ఎక్కువగా గొలుసుకట్టు: జాతీయ సంస్థ రాష్ట్ర శిక్షకులకు, వాళ్లు జిల్లా శిక్షకులకు, వాళ్లు మండలంలో కార్యదర్శులకు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ సరుకు పలచబడుతుంది. హైదరాబాదులో మూడు రోజులు నేర్పినది మండల కార్యాలయంలో ఒక పూట ఉపన్యాసంగా ముగియడం మామూలే. వచ్చినవాళ్లు సొంత ఊరి క్యాష్ బుక్, పన్ను డిమాండు, వసూలు, బకాయి చూపే డీసీబీ రిజిస్టరు తెచ్చుకుని, వాటి మీదే లెక్క వేసుకునే తరగతులు ఎక్కడ జరిగినా ఫలితం కనిపిస్తుంది.

పెద్ద నగరాలకు కొత్త రకం నైపుణ్యం కావలసి వచ్చింది. సెబీ 2015లో మున్సిపల్ బాండ్లకు నిబంధనలు తెచ్చాక హైదరాబాదు నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ 2018 ఫిబ్రవరిలో 8.9 శాతం వడ్డీకి 200 కోట్లు సేకరించింది. అదే ఏడాది విశాఖపట్నం కూడా బాండ్లు జారీ చేసింది. రేటింగ్ సంస్థ అడిగే ప్రశ్నలకు జవాబివ్వడం, ఆస్తి పన్ను వసూళ్లను విడి ఖాతాలో వేసి వాయిదాకు కేటాయించడం పాత మాన్యువల్లో లేని పనులు.

రాబడి వైపు, రెండు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్‌లో ఏడాది పన్ను ముందే కట్టేవారికి 5 శాతం రాయితీ ఇస్తారు. మరోవైపు పాత బకాయిల మీద వడ్డీ మాఫీ పథకాలు తరచూ వస్తాయి. మాఫీ వల్ల ఆ నెలలో ఖజానా నిండుతుంది. పదేపదే ప్రకటిస్తే మాత్రం సకాలంలో కట్టే అలవాటున్నవాడు కూడా ఆగి చూస్తాడు. గడ్డుకాలంలో మాఫీ ప్రతిపాదన ఫైలు మీదికి వచ్చినప్పుడు వచ్చే మూడేళ్ల వసూళ్ల మీద దాని ప్రభావం లెక్కగట్టి చూపగలిగేలా అధికారిని తయారుచేయాలి.

పల్లెల్లో చిత్రం వేరు. పంచాయతీ కార్యదర్శే పన్ను వసూలుదారు, అకౌంటెంటు, జనన మరణాల రిజిస్ట్రారు, పారిశుధ్య పర్యవేక్షకుడు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కుల మీద సర్పంచి, ఉప సర్పంచి ఉమ్మడి సంతకం పెట్టింది. డిక్సన్‌లో లేనిది ఆ రెండో సంతకమే. అయితే ఇద్దరికీ మధ్య పొసగని ఊళ్లలో ట్రాక్టరు డీజిలు బిల్లు కూడా ఆగిపోతుంది. దానికి శిక్షణ ఇవ్వవలసింది కార్యదర్శికి ఒక్కడికే కాదు, ఆ ఇద్దరికీ కూడా.

114వ సెక్షన్ వంటి అధికారం మన మున్సిపల్, పంచాయతీ చట్టాల్లో ఏ ఆర్థికాధికారికీ లేదు. పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేశారని 2021లో ఆంధ్రప్రదేశ్ సర్పంచులు ఆందోళన చేశారు. గొంతెత్తింది ఎన్నికైనవాళ్లే. లెక్క తెలిసిన ఉద్యోగికి అలాంటప్పుడు లేచి చెప్పే వేదిక లేదు. అతని చేతిలో మిగిలింది నోట్ ఫైలు. చెల్లింపు ఎందుకు కుదరదో, ఏ పద్దులో ఎంత ఉందో, ఏ నిబంధన అడ్డమో తేదీతో సహా నాలుగు వాక్యాల్లో రాసి సంతకం పెట్టడం అతనికి దక్కిన హక్కు. తర్వాత ఆడిట్ అభ్యంతరం వచ్చి సర్‌ఛార్జి దాకా పోతే, సొమ్ము ఎవరి నుంచి రాబట్టాలో తేల్చేటప్పుడు ముందు చూసేది ఆ కాగితాన్నే. బడ్జెట్ ఫారాలు, సాఫ్ట్‌వేర్ మీటలు రోజుల తరబడి నేర్పే మన తరగతుల్లో, ఆ నాలుగు వాక్యాలు ఎలా రాయాలో కూర్చోబెట్టి రాయించడం చాలా అరుదు.